వినికిడి తగ్గినా పలుకు వదలని గిడుగు

శ్రీకాకుళం: వ్యావహారిక భాషోద్యమ సారథిగా గిడుగు వెంకట రామమూర్తి పంతులు పేరు ఎరుగని తెలుగువారు అరుదు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. అయితే ఆ ఉద్యమానికి ఎంతో ముందే, పర్లాకిమిడి పరిసర కొండల్లోని సవరల భాషపై ఆయన సాగించిన పరిశోధన గురించి సొంత జిల్లాలోనే తెలిసినవారు తక్కువ. భాషాశాస్త్రంలో డాక్టరేట్ కోసం శ్రమించే విద్యార్థులకు నేడు విశ్వవిద్యాలయాలు క్షేత్ర పరిశోధన పేరిట నేర్పే పనిని ఆయన గురువు లేకుండా, ఉపకార వేతనం లేకుండా చేసి చూపారు.

వంశధార తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు రామమూర్తి జన్మించారు. 1875లో తండ్రి కన్నుమూశారు. 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులైనప్పుడు గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. కొలువు చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు.

ఇంటనే సవర పాఠం

పర్లాకిమిడికి కొండలు దగ్గర. అక్కడి సవరల భాష నేర్చుకొని, వారికి వారి భాషలోనే చదువు చెప్పాలన్న సంకల్పం ఆయనకు కలిగింది. నేర్చుకోవడానికి ఆధారపడదగిన వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. దాంతో తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటనే ఉంచుకొని, అతని నోట విన్నది విన్నట్లు రాసుకోసాగారు. అలా ఒకరి ఎదుట పంతులే శిష్యుడై కూర్చోవడం ఆనాటి సమాజంలో చిన్న విషయం కాదు.

ఇంట నేర్చిన మాటను గూడేలకు వెళ్లి సరిచూసుకొనేవారు. ఒంటరి పదానికి అర్థం అడిగి రాసుకొంటే భాష పట్టుబడదు. క్రియలోనే నామవాచకం ఇమిడిపోయి, ఒక్క పదమే ఒక వాక్యంగా నిలిచే పద్ధతి సవరలో ఉంది. లెక్కపెట్టే తీరూ వేరే. తెలుగులో మాదిరిగా పది మీద కాక, పన్నెండు మీద, ఇరవై మీద లెక్క సాగుతుంది. 13 అనాలంటే పన్నెండూ ఒకటి, 19 అనాలంటే పన్నెండూ ఏడు. 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి! తెలుగు వ్యాకరణపు చట్రంలో బిగించబోతే ఇలాంటివి జారిపోతాయి. చుట్టూ తెలుగు, ఒడియా వినిపిస్తున్నా సవర ఆ రెండింటి కుటుంబాలకూ చెందదు. సంతాలీ వంటి ముండా భాషలకు అది బంధువు.

గొంతును క్షణకాలం బిగబట్టి పలికే ధ్వని సవరలో ఉంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. అందుకే రామమూర్తి హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలు స్వయంగా అధ్యయనం చేసి, రోమన్ అక్షరాల ఆధారంగా ఉన్న ధ్వని లిపిని సవరకు వాడారు.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం పెద్దది. మన్యం తిరుగుళ్లలో చలిజ్వరం పట్టుకొంది. దానికి వాడిన క్వినైన్ వినికిడిని దెబ్బతీసింది. ధ్వనులు వినడమే పనిగా పెట్టుకొన్న మనిషికి అంతకు మించిన విఘాతం మరొకటి ఉండదు. అయినా పని ఆపలేదు. సవరలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చారు. ఈ సేవను మెచ్చి ప్రభుత్వం 1913లో బిరుదుతో సత్కరించింది. తర్వాతి కాలంలో కుమారుడు సీతాపతి ఆయనకు తోడయ్యారు.

అదే కొలబద్ద తెలుగుకూ

సుమారు 1907 నుంచి, పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ పరిచయంతో ఆయన దృష్టి తెలుగు బోధనపైకి మళ్లింది. సవర గూడేల్లో అలవడిన చూపునే ఇక్కడా ప్రయోగించారు. జనం ఏమి పలుకుతున్నారు, శాసనాల్లో ఏముంది, పాత ప్రతుల్లో ఏముంది అని సాక్ష్యాలు కూర్చారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గ్రాంథికం పక్షాన నిలిచినప్పుడు, ఆవేశంతో కాక ఉదాహరణలతో సమాధానం ఇచ్చారు. 1911లో ఉద్యోగ విరమణ చేశాక పూర్తికాలం దీనికే అంకితమై, 1919లో తెలుగు అనే పత్రికను నడిపారు.

సవర పని మాత్రం మూలపడలేదు. మూడున్నర దశాబ్దాల శ్రమ ఫలించి, సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం ద్వారా అచ్చయ్యాయి. కైజర్-ఇ-హింద్ పతకం, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి కళాప్రపూర్ణ గౌరవం లభించాయి.

ఈలోగా మరో దెబ్బ తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దానికి నిరసనగా, అర్ధ శతాబ్దానికి పైగా నివసించిన ఊరిని డెబ్బై మూడో ఏట విడిచి రామమూర్తి రాజమహేంద్రవరం చేరారు. సరిగ్గా అదే ఏడాది మంగేయి గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించడం విశేషం.

1940 జనవరి 22న రామమూర్తి తుదిశ్వాస విడిచారు. 1960లలో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో నార్మన్ జైడ్, ఆయన శిష్యబృందం ముండా భాషల అధ్యయనం చేపట్టే నాటికి, సవర విషయంలో వారి చేతికందిన ప్రధాన ఆధారం పర్లాకిమిడి పంతులు గారి వ్యాకరణం, నిఘంటువులే.