ఆటో యెస్పర్సన్: ఆంగ్ల ఫలవాక్య విచారము

జరిగిన పనిని చెప్పుట ఏ భాషకైనను సులభము. జరుగని పనిని జరిగినట్లు భావించి, దానివలన కలుగగల ఫలమును చెప్పుట అంత సులభము కాదు. ఈ కార్యమును ఆంగ్లభాష ఏ రూపములతో నిర్వహించుచున్నదో ఆ భాషనుండియే గ్రహింపవలెను గాని లాటిను వ్యాకరణమునుండి ఎరువు తెచ్చుకొనరాదని నిరూపించిన వైయాకరణులలో అగ్రగణ్యుడు ఆటో యెస్పర్సన్. ఆంగ్లము ఆయన మాతృభాష కాదు. పరభాషను నేర్చి, బోధించి, జీవితమంతయు పరిశీలించిన డేనిష్ పండితుడాయన. ఆయన కృషి మన దేశభాషల వ్యాకర్తలకు విశేషముగా ఉపకరింపగలదు.

యెస్పర్సన్ 1860 జూలై 16వ తేదీన డెన్మార్కునందలి రాండర్స్ పట్టణమున జన్మించెను. తండ్రి న్యాయాధికారి. బాల్యముననే రాస్ముస్ రాస్క్ రచించిన వ్యాకరణములు ఆయనను ఆకర్షించినవి. అయినను 1877లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించినప్పుడు కులవిద్య యగు న్యాయశాస్త్రమునే చేపట్టెను. ఆ దినములలో డేనిష్ పార్లమెంటులో సంక్షిప్తలిపి లేఖకుడుగా కొంత సంపాదించుకొనెను. 1881లో న్యాయశాస్త్రమును విడిచి భాషాధ్యయనమునకు మరలెను. 1887లో ఫ్రెంచి ప్రధాన విషయముగా, ఆంగ్లము, లాటిను ఉపవిషయములుగా ఎం.ఏ. పట్టము పొందెను. పిమ్మట ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ దేశములలో సంచరించి హెన్రీ స్వీట్, పాల్ పాసీ మొదలగు ధ్వనిశాస్త్రజ్ఞుల పరిచయము సంపాదించెను. తన గురువగు విల్హెల్మ్ థామ్సెన్ ప్రోత్సాహముతో ఆంగ్ల విభక్తులపై సిద్ధాంతవ్యాసము వ్రాసి 1891లో డాక్టరు పట్టమందెను. 1893 మొదలు 1925 వరకు కోపెన్‌హాగన్‌లో ఆంగ్లభాషాచార్యుడుగా ఉండి, 1920-21లో ఆ విశ్వవిద్యాలయమునకు రెక్టరు పదవిని నిర్వహించెను.

ఆనాటి భాషాశాస్త్రజ్ఞులలో పలువురు ప్రత్యయములు నశించుటను భాషయొక్క క్షీణతగా తలచుచుండిరి. యెస్పర్సన్ 1894లో ప్రకటించిన గ్రంథమున దీనిని ఖండించెను. ప్రత్యయములు పోయి, పదక్రమమును సహాయక క్రియలును వాని పనిని నిర్వహించుట అభివృద్ధియే కాని పతనము కాదని ఆయన వాదము. ఈ వాదమున ఆంగ్లముపై పక్షపాతము కొంత కలదని తరువాతివారు విమర్శించిరి. ఆ విమర్శ న్యాయమైనదే. కాని ప్రాచీన భాషలను కొలబద్దగా గైకొనక, ఎదుటనున్న భాషను ఉన్నది ఉన్నట్లు చూడవలెనను దృష్టి ఆయనకు ఆ వాదమువలననే అలవడినది. 1905లో ఆంగ్లభాషా పరిణామ చరిత్ర, 1922లో 'లాంగ్వేజ్', 1924లో 'ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్' వెలువడినవి. సప్తసంపుటాత్మకమగు ఆధునికాంగ్ల వ్యాకరణము 1909లో ఆరంభమైనది. ఆంగ్లగ్రంథములను చదువుచు ప్రయోగములను చీటీలపై వ్రాసికొని, వానిని వర్గీకరించి, ఆ ఆధారముపై సూత్రము చెప్పుట ఆయన పద్ధతి. కాలమును, క్రియారూపములను గూర్చిన నాల్గవ సంపుటము 1931లో వెలువడినది. మన ప్రస్తుత విషయమునకు 1924 నాటి గ్రంథమును, ఈ సంపుటమును ప్రధానములు.

'ఇఫ్ హీ కమ్స్, ఐ షల్ గో' అనునది జరుగగల విషయము. 'ఇఫ్ హీ కేమ్, ఐ షుడ్ గో' అన్నచో అతడు వచ్చుట సందేహము లేదా కేవలము ఊహ. 'ఇఫ్ హీ హాడ్ కమ్, ఐ షుడ్ హావ్ గాన్' అన్నచో అతడు రాలేదు, నేను పోలేదు. లాటినులో ఇట్టి ఊహావాక్యములకు ప్రత్యేక క్రియారూపము కలదు. అందుచేత ఆంగ్ల వ్యాకర్తలు పలువురు రెండవ వాక్యమందలి 'కేమ్' అను దానికిని ఆ లాటిను పేరునే పెట్టిరి. యెస్పర్సన్ దీనిని అంగీకరింపలేదు. 'కేమ్' అను రూపము భూతకాల రూపముకంటె భిన్నము కాదు. 'ఐ వర్' వంటి ఒకటి రెండు ప్రయోగములయందు మాత్రమే పూర్వభేదము మిగిలినది. రూపము లేనిచోట పేరు కల్పించుట వ్యాకరణము కాదు. కాబట్టి ఇది ఊహార్థమున ప్రయుక్తమైన భూతరూపమే యని ఆయన నిర్ణయము.

మరి భూతరూపము ఊహనెట్లు తెలుపును? గతమును, అవాస్తవమును వర్తమానమునకు దూరమైనవే. ఒకనికి ధనముండెనన్నచో ఇప్పుడు లేదను ధ్వని కలదు. ధనమున్నచో బాగుండునన్నచో ఇప్పుడు లేదనియే అర్థము. రెండింటియందును వర్తమానమున ఉన్నదను మాటకు నిషేధము కలదు. ఆ సామ్యమే ఒకే రూపము రెండర్థములకు చెల్లుటకు కారణమని ఆయన వివరణము.

ఫలవాక్యమందలి 'వుడ్', 'షుడ్' అనునవి 'విల్', 'షల్' అనువాని భూతరూపములు. ఉత్తమపురుషకు 'షల్', తక్కిన పురుషలకు 'విల్' కేవల భవిష్యత్తును తెలుపునని 1653లో జాన్ వాలిస్ తన లాటిను గ్రంథమున చెప్పిన నియమము పాఠశాలలలో చిరకాలము చెల్లినది. యెస్పర్సన్ ప్రయోగములను పరిశీలించి, స్కాట్లండు, ఐర్లండు, అమెరికాలలో అన్ని పురుషలకును 'విల్' వ్యాపించినట్లు గుర్తించెను. అంతేకాక ఇచ్ఛ, విధి అను పూర్వార్థముల ఛాయ వీనిని పూర్తిగా విడువలేదు గనుక ఆంగ్లమునకు నిజమైన భవిష్యద్రూపము లేదని సాహసించి చెప్పెను.

భారతీయ వైయాకరణులకు ఈ విచారము కొత్తది కాదు. హేతువు జరుగనందున ఫలమును జరుగకుండుటను పాణిని క్రియాతిపత్తి యని పేర్కొని దానికి లృఙ్‌ను విధించెను. 'అభవిష్యత్' అను రూపమున భూతసూచకమగు అడాగమమును, భవిష్యత్సూచకమగు స్యప్రత్యయమును కలసి యున్నవి. 'విల్' యొక్క భూతరూపమగు 'వుడ్'లో ఉన్న కలయికయు ఇదియే. అయితే సంస్కృతమున హేతువాక్యమందును ఫలవాక్యమందును లృఙ్ వచ్చును. ఆంగ్లమున రెండు వాక్యముల రూపములు వేరు. హిందీలో 'వహ్ ఆతా తో మైఁ జాతా' అన్నచో రెండింట ఒకే రూపము. తెలుగున 'వాడు వచ్చి ఉంటే నేను వెళ్ళేవాణ్ణి' అన్నప్పుడు రూపభేదము కలదు. 'వెళ్ళేవాణ్ణి' అనునది గతమున అలవాటుగా చేసిన పనిని గూడ తెలుపును. 'వాడు వస్తే నేను వెళ్ళేవాణ్ణి' అను వాక్యమునకు సందర్భమునుబట్టి రెండర్థములు వచ్చును. ఆంగ్లమున 'వుడ్' సైతము గతమందలి అలవాటునకు వాడబడుచున్నది. సంబంధము లేని భాషలయందు ఈ సామ్యము కనబడుట యాదృచ్ఛికమని త్రోసివేయరాదు. ఇట్టి వాక్యములందు భూతరూపము వర్తమాన వాస్తవమును వెలిపుచ్చునను భావమును 2000లో సబీన్ ఇయాట్రిడూ గ్రీకుభాషాధారములతో విస్తరించి చర్చించినది. యెస్పర్సన్ చూపిన బాట ఇంకను మూసుకొనిపోలేదు.

ఆయన కేవల గ్రంథపండితుడు కాడు. పరభాషను విడివిడి వాక్యములతోను, అనువాదముతోను గాక సజీవమైన వాడుకతో నేర్పవలెనని 1901లో డేనిష్ భాషలో గ్రంథము వ్రాసెను. 1904లో అది ఆంగ్లమున వెలువడినది. 1928లో నోవియల్ అను కృత్రిమ అంతర్జాతీయ భాషను ప్రతిపాదించెను. అది నిలువలేదు. జర్మనుల ఆక్రమణలో దేశమున్న కాలమున, 1943 ఏప్రిల్ 30వ తేదీన రోస్కిల్డెలో మరణించెను. ఆంగ్ల వ్యాకరణపు కడపటి సంపుటమును నీల్స్ హైస్లుండ్ పూర్తిచేయగా 1949లో అది వెలువడినది.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున సంస్కృత 'చేత్' శబ్దముననుసరించి మన హేతురూపమునకు చేదర్థకమని పేరు పెట్టెను. పేరు సంస్కృతమునుండి వచ్చినను, రూపమును తెలుగునుండియే చూపెను. నేటి వాడుకలోని ఫలవాక్య రూపములను సైతము అట్లే తెలుగు ప్రయోగములనుండి సేకరించి, ఇతర భారతీయ భాషలతో పోల్చి నిరూపించుట మన శాఖలలోని పరిశోధకులు చేపట్టదగిన పని. లృఙ్ అని గాని, ఆంగ్లపు పేరుతో గాని పిలిచి ఊరకుండుట చాలదు. పరభాషయందు యెస్పర్సన్ చూపిన శ్రద్ధను స్వభాషయందు మనము చూపవలసి యున్నది.