మేఘనాద సాహా

మన కార్యాలయములకు వచ్చెడి భారత రాజపత్రమునందు ఇంగ్లీషు తేదీతోపాటు శకసంవత్సరపు తేదీయు ముద్రింపబడి యుండును. 1957 మార్చి 22 నుండి అమలులోనికి వచ్చిన ఆ రాష్ట్రీయ పంచాంగమును రూపొందించిన సంఘమునకు అధ్యక్షులు మేఘనాద సాహా. మన యిండ్లలో ఉగాది మాత్రము నేటికిని పాత పంచాంగము ప్రకారమే జరుగుచున్నది. అది వేరు మాట. వారి జీవితమున ఇంతకంటె పెద్ద వ్యవహార మొకటి కలదు. ప్రభుత్వము విజ్ఞానశాస్త్రమునకై వెచ్చించు ధనము విశ్వవిద్యాలయములకు చేరవలెనా, ప్రత్యేక ప్రయోగశాలలకు చేరవలెనా యను వివాదమున వారు కడవరకు ఒక పక్షమున నిలిచిరి.

వారు 1893 అక్టోబరు 6వ తేదీన ఢాకా జిల్లాలో, శేవరాతలి గ్రామమున ఒక చిన్న పచారీ దుకాణదారుని యింట జన్మించిరి. పొరుగూరి వైద్యుడొకరు తన యింట నుంచుకొని అన్నము పెట్టుటచే వారి చదువు సాగినది. 1905లో వంగ విభజనోద్యమపు రోజులలో గవర్నరు రాకను బహిష్కరించినందున ఢాకా పాఠశాల వారిని వెడలగొట్టెను; ఉపకారవేతనమును పోయినది. తరువాత కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో సత్యేంద్రనాథ బోసు వారి సహాధ్యాయి. ప్రఫుల్లచంద్ర రాయ్, జగదీశచంద్ర బోసు గురువులు.

1917లో సాహా ఒక దీర్ఘవ్యాసమును అమెరికాలోని ఖగోళభౌతికశాస్త్ర పత్రికకు పంపిరి. ముద్రణవ్యయములో కొంత భాగమును రచయితయే భరింపవలెనని సమాధానము వచ్చెను. యువ అధ్యాపకుని చేతిలో అంత పైకము లేదు. వ్యాసము కలకత్తా విశ్వవిద్యాలయ పత్రికలో వెలువడెను గాని విదేశీయుల దృష్టికి రాలేదు. మూడేండ్లలోనే, 1920లో, వారి అయనీకరణ సమీకరణము లండనునందు ప్రకటితమయ్యెను. నేను ఆర్ట్స్ పట్టభద్రుడను, దాని గణితమును వివరింపజాలను. సారాంశ మిది: నక్షత్రముల వర్ణపటములు వేర్వేరుగా కనబడుటకు ముఖ్యకారణము వాటి పదార్థములలోని భేదము గాదు, ఉష్ణోగ్రతాభేదమే. నక్షత్రముల వేడిమిని వాటి వెలుగునుండి లెక్కగట్టు మార్గము ఆనాడు తెరువబడెను.

1923లో అలహాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. అచ్చట బోధనాభారము హెచ్చు, ఉపకరణములు స్వల్పము. 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించిన పిమ్మటనే సంయుక్తరాష్ట్రముల గవర్నరు ఏటేట 5,000 రూపాయల పరిశోధనా సహాయమును మంజూరు చేసిరి. లోకమంతయు మెచ్చిన తరువాతనే ఖజానా తలుపు తెరుచుకొనెనన్నమాట! గ్రాంటు ఫైళ్లు చూచిన మనకిది క్రొత్త సంగతి కాదు.

1938లో కలకత్తాకు మరలివచ్చి పరమాణుకేంద్ర భౌతికశాస్త్రముపై దృష్టి నిలిపిరి. శిష్యుడైన బాసంతీదులాల్ నాగ్‌చౌధురీని కాలిఫోర్నియాలో లారెన్సు వద్దకు పంపి సైక్లోట్రాన్ నిర్మాణము నేర్పించిరి. నెహ్రూ తోడ్పాటుతో టాటా ధర్మనిధినుండి 60,000 రూపాయలు లభించెను. అయస్కాంతపు భాగములు చేరినవి. శూన్యమును కల్పించెడి పంపులను తెచ్చుచున్న ఓడ మాత్రము యుద్ధమున మునిగిపోయెను. వాటిని ఇచ్చటనే తయారుచేసికొన బూనిరి. యంత్రము పూర్తిగా ఉపయోగమునకు వచ్చుటకు ఏండ్లు గడచినవి. ఇంతలో లోకము ముందుకు సాగిపోయెను.

1942లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ఏర్పడెను. స్వాతంత్ర్యానంతరము భట్నాగర్ పూనికతో జాతీయ ప్రయోగశాలలు వెలసినవి. 1948లో హోమీ భాభా అధ్యక్షతన అణుశక్తి సంఘము నెలకొనెను. సాహా దీనిని హర్షింపలేదు. ధనముతోపాటు సమర్థులైన యువకులును విశ్వవిద్యాలయములను విడిచిపోయినచో రేపటి శాస్త్రజ్ఞులకు బోధించు వారెవరని వారి ప్రశ్న. అణుశక్తి విషయమున పాటించు గోప్యతయు వారికి నచ్చలేదు. అయితే భాభా పక్షముననుగూడ బలము లేకపోలేదు. పరీక్షలతోను, పాలకమండలి తగాదాలతోను సతమతమగు విశ్వవిద్యాలయముచే అంతటి భారీ కార్యము శీఘ్రముగా జరుగునా? సైక్లోట్రాను చరిత్రయే ఆ సందేహమునకు తావిచ్చుచున్నది. కాని ఆ ఆలస్యమునకు కొంతవరకు ధనాభావమును కారణమే కదా.

ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో నియమింపబడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమున సాహాయు సభ్యులు. విశ్వవిద్యాలయములకు ధనము పంచుటకు ప్రత్యేక సంఘ ముండవలెనని అది సిఫారసు చేసెను. 1953లో యూ.జీ.సీ. పని నారంభించి, 1956లో చట్టబద్ధమయ్యెను.

1952లో సాహా కలకత్తానుండి లోక్‌సభకు ఎన్నికైరి. 1954 మే నెలలో అచ్చట అణుశక్తి విధానముపై చర్చను లేవదీసిరి. ప్రభుత్వము మార్గము మార్చుకొనలేదు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికాసంఘ కార్యాలయమునకు నడచి వెళ్లుచు, రాష్ట్రపతి భవన సమీపమున గుండెపోటుచే కూలి మరణించిరి. అప్పటికి వయస్సు 62 ఏండ్లు.

కలకత్తాలో వారు స్థాపించిన పరమాణుకేంద్ర భౌతికశాస్త్ర సంస్థను 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించిరి. అది నేడు సాహా పేరుతో వ్యవహరింపబడుచున్నది. ప్రస్తుతము దానిని పోషించుచున్నది అణుశక్తి శాఖయే.