అల్లూరి సీతారామరాజు

అల్లూరి సీతారామరాజు (1897 జూలై 4 - 1924 మే 7) బ్రిటిషు ప్రభుత్వానికి వ్యతిరేకంగా తూర్పు కనుమల గిరిజనులను కూడగట్టి సాయుధ పోరాటం నడిపిన విప్లవ వీరుడు. విశాఖ, గోదావరి మన్యం ప్రాంతాలలో 1922 ఆగస్టు నుండి 1924 మే వరకు సాగిన ఈ పోరాటాన్ని మన్యం పితూరీ అనీ, రంప తిరుగుబాటు అనీ పిలుస్తారు. విల్లంబులు, నాటు తుపాకులు తప్ప మరే ఆయుధాలూ లేని గిరిజనులతో సుశిక్షితమైన పోలీసు బలగాలను దాదాపు రెండేళ్ళు ఎదిరించడం వలన గెరిల్లా యుద్ధ చరిత్రలో సీతారామరాజు పేరు నిలిచిపోయింది. దాడికి ముందే కబురు పంపి కూడా శత్రువు ఊహకు అందకుండా పోరాడటం అతని యుద్ధరీతిలోని ప్రత్యేకత.

బాల్యము, చదువు

రాజు స్వగ్రామం పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు. తల్లి సూర్యనారాయణమ్మ పుట్టినిల్లయిన విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో జన్మించాడు. తండ్రి వెంకటరామరాజు ఫోటోగ్రాఫరు; వృత్తిరీత్యా రాజమండ్రిలో స్థిరపడ్డాడు. 1908 గోదావరి పుష్కరాల సమయంలో కలరా సోకి తండ్రి మరణించడంతో కుటుంబం చితికిపోయింది. రెవెన్యూ శాఖలో పనిచేసిన పినతండ్రి రామకృష్ణంరాజు అండగా నిలిచాడు. రాజు చదువు నరసాపురం, కాకినాడ, విశాఖపట్నం, తుని మొదలైన చోట్ల సాగింది గాని ఎక్కడా నిలకడగా సాగలేదు. గుర్రపుస్వారీ, జ్యోతిష్యం, మూలికావైద్యం వంటి విద్యలపైననే అతనికి ఆసక్తి ఎక్కువ. 1916లో ఉత్తర భారతదేశ యాత్రకు వెళ్ళి వచ్చి, 1917లో కృష్ణదేవిపేట చేరుకున్నాడు. అక్కడ సన్యాసి జీవితం గడుపుతూ, చుట్టుపక్కల గిరిజనులకు వైద్యం చేస్తూ, తగవులు తీరుస్తూ వారి నమ్మకం సంపాదించాడు.

తిరుగుబాటుకు కారణాలు

1882 మద్రాసు అటవీ చట్టం వలన గిరిజనుల పోడు వ్యవసాయానికీ, అటవీ ఫలసాయ సేకరణకూ ఆంక్షలు ఏర్పడ్డాయి. మన్యంలో పితూరీలు కొత్తవి కావు. 1879-80లోనే రంపలో పెద్ద తిరుగుబాటు జరిగింది. 1920ల ఆరంభంలో గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి లంబసింగి వరకు రోడ్డు వేయిస్తూ, గిరిజనులతో బలవంతంగా పని చేయించి, రావలసిన కూలి ఇవ్వకపోవడంతో అసంతృప్తి రాజుకుంది. మునసబు పదవి కోల్పోయిన గాం గంటందొర, అతని సోదరుడు గాం మల్లుదొర రాజుకు ముఖ్య అనుచరులయ్యారు. రాజు కదలికలను అనుమానించిన ప్రభుత్వం కొంతకాలం అతనిని నిఘాలో ఉంచింది. 1922 మధ్యలో అతడు తిరిగి కొండలకు చేరుకున్నాడు.

పోలీసు స్టేషన్లపై దాడులు

తిరుగుబాటుదారులకు మొదట కావలసినవి తుపాకులు. వాటిని ప్రభుత్వం వద్దనుండే తీసుకోవాలని రాజు నిశ్చయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడులు జరిగాయి. ఈ మూడు దాడులలో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కాయి. తీసుకువెళ్ళిన ఆయుధాల వివరాలను స్టేషను రికార్డులోనే రాసి సంతకం చేయడం రాజు పద్ధతి. రాజవొమ్మంగిలో ఖైదులో ఉన్న వీరయ్యదొరను విడిపించారు.

యుద్ధరీతి

ముందుగా కబురు చేసి దాడికి రావడం రాజుకు అలవాటు. బాణానికి మిరపకాయ కట్టి పంపే ఈ ఉత్తరాలు "మిరపకాయ టపా" పేరుతో ప్రసిద్ధమయ్యాయి. ఈ పద్ధతి పైకి సాహసంగా కనిపించినా దాని వెనుక యుక్తి ఉంది. కబురు అందిన స్టేషనులో భయం ముందే ప్రవేశించేది. పైగా ఎక్కడికి వస్తాడో తెలిసినా, ఏ దారిన వస్తాడో, ఎంతమందితో వస్తాడో, తరువాత ఎటు పోతాడో పోలీసులకు తెలిసేది కాదు. వారి ప్రతి కదలికా మాత్రం గ్రామస్తుల ద్వారా రాజుకు చేరేది. మైదానంలో శిక్షణ పొందిన పోలీసులు బండిదారులనూ, సామాను మోసే కూలీలనూ నమ్ముకొని నడవవలసి వచ్చేది. మన్యం జ్వరాలు వారిని మరింత కుంగదీశాయి.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్ వద్ద జరిగిన పోరు ఇందుకు ఉదాహరణ. ఇరుకైన కొండదారిలో ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను తిరుగుబాటుదారులు కదలకుండా దాటిపోనిచ్చి, వెనుక వస్తున్న అధికారులపై కాల్పులు జరిపారు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిషు అధికారులు మరణించారు. భారతీయులకు హాని చేయరాదన్న రాజు నియమం అక్కడ యుద్ధవ్యూహంగా కూడా పనిచేసింది. ఈ దెబ్బతో ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసు దళాన్ని రప్పించింది.

ప్రత్యర్థి మారిన తీరు

పోలీసులు కూడా క్రమంగా పాఠం నేర్చుకున్నారు. రాజు అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం చేరుకునేసరికి స్టేషన్లలో ఆయుధాలు లేవు. ముందుగానే వాటిని తరలించారు. ప్రజలు రాజును ఆదరించారు గాని అతనికి కావలసిన తూటాలు దొరకలేదు. దాడికి ముందు కబురు చేసే పద్ధతి ఇప్పుడు శత్రువుకే ఉపయోగపడింది.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిపొలాలలో పోలీసులే మెరుపుదాడి చేశారు. లూయీ తుపాకుల ముందు విల్లంబులు నిలవలేకపోయాయి. అక్కడ నలుగురు, అదే రోజు లింగాపురం వద్ద ఎనిమిదిమంది తిరుగుబాటుదారులు మరణించారు. తరువాత కొన్ని నెలలపాటు రాజు ఎవరికీ కనిపించలేదు. ఉద్యమం ముగిసిందని అధికారులు భావిస్తున్న తరుణంలో, 1923 ఏప్రిల్‌లో హఠాత్తుగా అన్నవరంలో ప్రత్యక్షమయ్యాడు. అక్కడ కూడా ఆయుధాలు చిక్కలేదు. రాజును ఆదరించినందుకు అన్నవరం ప్రజలపై ప్రభుత్వం అదనపు పన్ను విధించింది.

చివరి దశ

రాజును పట్టి ఇచ్చినవారికి ప్రభుత్వం 10,000 రూపాయల బహుమతి ప్రకటించింది. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళం మన్యంలో ప్రవేశించింది. ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేకాధికారిగా నియమితుడయ్యాడు. అడవిలో రాజును వెదకడం కన్నా, అతనికి తిండి, సమాచారం అందించే గ్రామాలను అదుపు చేయడం తేలికని ప్రభుత్వం గ్రహించింది. గ్రామాలలో బలగాలు నిలిచాయి. ఆహారం అందే దారులు మూసుకుపోయాయి. ఆశ్రయమిచ్చినవారికి శిక్షలు పడ్డాయి. రాజుకు రక్షణగా నిలిచిన ప్రజలే అతని కోసం ఎక్కువ బాధలు అనుభవించారు.

1924 మే 7న మంప గ్రామ సమీపంలో ఈస్ట్ కోస్ట్ స్పెషల్ పోలీసు దళం రాజును పట్టుకుంది. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఆధీనంలో ఉండగా, ఏ విచారణా లేకుండా అతనిని కాల్చి చంపారు. తప్పించుకునే ప్రయత్నం చేశాడని ప్రభుత్వం చెప్పుకొన్నది. అప్పటికి అతని వయస్సు ఇంకా 27 నిండలేదు. కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిగాయి. జూన్ 7న గంటందొర కాల్పులలో మరణించడంతో పోరాటం ముగిసింది. మల్లుదొర జైలు శిక్ష అనుభవించి, 1952 ఎన్నికలలో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

గుర్తింపు

కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉంది. 1974లో కృష్ణ కథానాయకుడిగా వచ్చిన "అల్లూరి సీతారామరాజు" చలనచిత్రం అతని కథను తెలుగునాట ఇంటింటికీ చేర్చింది. 1986లో భారత తపాలా శాఖ స్మారక తపాలాబిళ్ళ విడుదల చేసింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అదే సంవత్సరం జూలై 4న, 125వ జయంతి సందర్భంగా, భీమవరంలో 30 అడుగుల కాంస్య విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించాడు.