చాక్షుష విచారము - ఇబ్న్ అల్ హైతం

నయనరశ్మి బయటికి వెడలి విషయాన్ని చేరుతుందా, విషయం నుండి వెలుగు వచ్చి నేత్రాన్ని చేరుతుందా అన్న వివాదం మన శాస్త్రాలకు మాత్రమే పరిమితమైనది కాదు. యవన గణితవేత్తలైన యూక్లిడ్, టాలమీ కూడ నయనరశ్మివాదులే. ఆ వాదాన్ని సయుక్తికంగా నిరాకరించిన మహామతి ఇబ్న్ అల్ హైతం. పాశ్చాత్యులు ఇతనిని అల్ హజెన్ అని వ్యవహరించినారు.

ఇతడు సుమారు క్రీ.శ. 965లో నేటి ఇరాక్ దేశమందలి బస్రా నగరంలో జన్మించినాడు. ఉదయనాచార్యుల లక్షణావళికి సాధారణంగా చెప్పే కాలం 984. అనగా కిరణావళీకర్త ఇక్కడ చక్షుస్సు తైజసమని సమర్థిస్తున్న కాలమే అక్కడ ఇతని విద్యాభ్యాసకాలం.

నైలునది వరదను అదుపు చేయగలనని ఇతడన్న మాట విని ఫాతిమీ ఖలీఫా అల్ హాకిం కైరోకు రప్పించినాడట. నదీమార్గం వెంట దక్షిణానికి వెళ్లి చూచిన తరువాత అది అసాధ్యమని తేలింది. ప్రభువు ఆగ్రహానికి వెరచి ఉన్మాదం నటించి, 1021లో ఖలీఫా అంతర్ధానమయ్యేవరకు గృహనిర్బంధంలో ఉన్నాడని 13వ శతాబ్దివాడైన ఇబ్న్ అల్ ఖిఫ్తీ వ్రాసినాడు. మన కవులను గూర్చిన చాటుకథల వలె దీనినీ కొంత తగ్గించి గ్రహించవలె. తరువాత అల్ అజ్‌హర్ మసీదు సమీపంలో ఉంటూ యూక్లిడ్, టాలమీల గ్రంథాలకు ప్రతులు వ్రాసి జీవించినాడని ప్రసిద్ధి. ప్రతులు వ్రాసుకొని చదువుకొన్న మా గురువుల తరానికి ఈ జీవితం అపరిచితం కాదు.

ఇతని కీర్తికి ఆధారం ఏడు భాగాల ‘కితాబ్ అల్ మనాజిర్’. సూర్యుని చూచిన కన్ను బాధపడుతుంది. తీక్ష్ణమైన వెలుగును చూచి చీకటిలోనికి తిరిగినా ఆ ఆకారం కొంతసేపు నిలుస్తుంది. కనుక వెలుగే కంటిపై పని చేస్తున్నదని ఇతని మొదటి హేతువు. ఇక కన్ను తెరచినంతనే నక్షత్రాలు కనబడుతున్నవి; ఇంత చిన్న నేత్రం నుండి వెడలినది ఏదైనా ఆకాశమంతటినీ ఎట్లు నింపగలదు? వస్తువుపై ప్రతి బిందువు నుండి వెలుగు అన్ని దిక్కులకు ప్రసరిస్తుందనీ, వానిలో నేత్రతలానికి లంబంగా వచ్చే రేఖలే స్పష్టదర్శనానికి కారణమనీ సిద్ధాంతీకరించినాడు. యూక్లిడ్ గణితం నిలిచింది, రశ్ముల దిక్కు మాత్రం మారింది.

నేను దాదాపు నలభై యేండ్లు ముక్తావళి పాఠం చెప్పినాను. తేజోరూపమైన చక్షుస్సు విషయదేశానికి పోతుందన్నచోట విద్యార్థులు ప్రశ్నిస్తే, రాత్రించరాల కండ్లలోని మెరుపును చూపే గౌతమసూత్రాన్ని ఆశ్రయించి దాటవేసేవాణ్ణి. ఆ మెరుపు బయటి వెలుగు కంటిలోపల ప్రతిఫలించడమేనని తెలిసిన తరువాత ఆ సమాధానం చెప్పలేకపోయినాను. అయితే సన్నికర్షం లేనిదే ప్రత్యక్షం లేదన్న నైయాయికుల మూలసూత్రానికి హాని లేదని నా అభిప్రాయం. వెలుగే వచ్చి తాకుతున్నది గదా! చక్షుస్సు అప్రాప్యకారి అన్న దిఙ్నాగుడు కిరణగమనాన్ని కాదనడంలో సరి, స్పర్శనే కాదనడంలో కాదు. మన పూర్వపక్షాలను ఖండనార్థమే చదివినాము. అది మన లోపం.

నేత్రనిర్మాణంలో ఇతడు గాలెన్ సంప్రదాయపు శారీరగ్రంథాలనే అనుసరించినాడు. పొరలను, ద్రవాలను వర్ణించి, మధ్యనున్న స్ఫాటిక ద్రవం, అనగా నేడు కటకమనేది, గ్రహణస్థానమన్నాడు. రేఖలు ఆవల కలిసి సాగితే ఆకృతి తలక్రిందులవుతుందన్న శంక ఇతనిని అక్కడే ఆపింది. వెనుకనున్న నేత్రపటలంపై బింబం నిజంగానే తలక్రిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ నిర్ణయించినాడు.

రెండవ భాగం నాకు మరింత ప్రియమైనది. వెలుగు, వర్ణములే కేవల ఇంద్రియగోచరాలు. దూరం, పరిమాణం మొదలైనవి స్మృతి, అనుమానాల చేత తెలిసేవి, కాని ఆ అనుమానం అతిశీఘ్రం గనుక మనకు తెలియదు. నిర్వికల్పక సవికల్పక విచారం చదివినవారికి ఇది కొత్తగా తోచదు. మూడవ భాగం భ్రమలను గూర్చినది. ఉదయించే చంద్రుడు పెద్దగా కనిపించడానికి మనస్సు చేసే దూరనిర్ణయమే ముఖ్యకారణమని ఏడవ భాగంలో చెప్పినాడు.

ఇతడు సుమారు 1040లో కైరోలో మరణించినాడు. లాటిన్ అనువాదం 1572లో రిస్నర్ పరిష్కరణతో బేసెల్‌లో అచ్చయింది. దానిలో మొదటి భాగపు తొలి మూడు ప్రకరణాలు లేవు. గ్రంథకర్త తన పరీక్షాపద్ధతిని వివరించినది వానిలోనే. మూల అరబీ నుండి సబ్రా చేసిన మొదటి మూడు భాగాల ఆంగ్లానువాదం 1989లో వెలువడింది.