రెవరెండ్ థామస్ బేయిస్ గారి జీవితము

మన కూకట్‌పల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము మొదలుకొని హౌసింగ్ బోర్డు కాలనీలోని కంప్యూటరు శిక్షణాలయముల వరకు తరచుగా వినబడు పేరు బేయిస్. ఆ పేరుగల మహాశయులు కంప్యూటరును కలలోనైన నెరుగరు. వారు ఒక చిన్న సంఘమునకు కాపరి. ఈ సంగతి మా విద్యార్థులలో ననేకులకు దెలియకుండుటచే వారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయబూనితిమి.

బేయిస్ గారు సుమారు 1701వ సంవత్సరమున ఇంగ్లండులో జన్మించిరి. తండ్రి జాషువా బేయిస్ గారును ప్రెస్బిటేరియను బోధకులే. ఆంగ్లికను సంఘమునకు జేరనివారికి ఆ దినములలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టములు లభింపవు. కావున థామస్ గారు 1719లో స్కాట్లండునకు బోయి, ఎడింబరో విశ్వవిద్యాలయమున తర్కమును దైవశాస్త్రమును అభ్యసించిరి. పిమ్మట టన్‌బ్రిడ్జ్ వెల్స్ అను ఊరిలో 1752 వరకు పరిచర్య చేసిరి. 1736లో న్యూటను గారి గణితమును సమర్థించుచు, తమ పేరు వేయకయే యొక గ్రంథమును ప్రకటించిరి. 1742లో రాయల్ సొసైటీ వారు వీరిని సభ్యునిగా నెన్నుకొనిరి.

అయినను వీరికి కీర్తి తెచ్చిన వ్యాసము వీరు బ్రదికియుండగా అచ్చుపడలేదు. 1761 ఏప్రిల్ 7వ తేదీన వీరు మరణింపగా, బంధువుల కోరికపై కాగితములను పరిశీలించిన రిచర్డు ప్రైసు గారికి అది దొరికెను. 1763 డిసెంబరు 23న సొసైటీ యెదుట చదువబడెను. కనబడిన ఫలితమును బట్టి కనబడని కారణమును ఎన్నిపాళ్లు నమ్మవచ్చునన్నదే అందలి ప్రశ్న.

దీనిని ఈమెయిలుతో వివరింతుము. 100 ఉత్తరములలో 40 అక్కరలేని స్పామ్ ఉత్తరములనుకొనుడు. ఉచితము అను మాట ఆ 40లో 20 యందును, మంచివైన 60లో 5 యందును గలదు. ఆ మాటగల 25 ఉత్తరములలో 20 చెడ్డవి గదా! తెరువకమునుపు నూటికి 40గా నున్న అనుమానము ఒక్క మాటతో 80కి పెరిగెను. ఇట్లే ప్రతిమాట సాక్ష్యమును గుణించుకొనుచు పోవలెను. ఒక మాటకు మరియొక మాటతో సంబంధము లేదని యెంచుటచే దీనికి అమాయక బేయిస్ పద్ధతియని పేరు. 1998లో పరిశోధకులు దీనిని స్పామ్ ఏరివేతకు ప్రయోగించి వ్యాసములు ప్రకటించిరి.

మా పెద్ద తరగతుల పిల్లలు ఈ లెక్కను ప్రోగ్రాముగా వ్రాసి, స్పామ్‌బేస్ అను బహిరంగ దత్తాంశముపై నడపిరి. 1999లో కాలిఫోర్నియానుండి వెలువడిన యిందు 4,601 ఉత్తరముల లెక్కలు గలవు. వానిలో 1,813 స్పామ్. ఉత్తరముల పాఠము లేదు. మాటలు నూటికెన్నిసారులు వచ్చెనో మొదలైన లెక్కలే యుండును. ప్రోగ్రాము జార్జి అను పేరును, 650 అను అంకెను చూచినంతనే ఉత్తరము మంచిదనుచుండెను. పిల్లలు నివ్వెరపోయిరి. విచారింపగా, మంచి ఉత్తరములు కూర్చినవారిలో నొకరి పేరు జార్జి, 650 వారి ప్రాంతపు టెలిఫోను సంఖ్య! మన హైదరాబాదు సంఖ్య 040 గదా. ఆ పెట్టె జార్జి దొరగారిది, మనది కాదు. మన ఉత్తరములకు మన లెక్కయే కట్టుకొనవలెను.

మా యెరుకలోని యువకునకు ఉద్యోగపు ఇంటర్వ్యూ పిలుపు స్పామ్ పెట్టెలో బడి, తేదీ దాటిన పిమ్మట గనబడెను. వాని తల్లి కన్నీరు మేము చూచితిమి. అనుమానము 51 కాగానే పారవేయుదుమా, 99 వరకు ఆగుదుమా? బేయిస్ గారి సూత్రము నమ్మకమును తూచును గాని ఈ తీర్పు చెప్పదు. పిల్లలు 99 అనిరి. అందుచే కొంత చెత్త పెట్టెలో మిగిలెను. వారు దానికి సమ్మతించిరి.

బేయిస్ గారి సమాధి లండనునందు బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానవాటికలో నున్నది. 1969లో పలుదేశముల గణాంకశాస్త్రజ్ఞులు చందాలు పంపి దానిని బాగుచేయించిరి. ఆ కాగితములను కాపాడిన ప్రైసు గారును 1791లో మరణించి ఆ వాటికయందే పాతిపెట్టబడిరి.