ఆ టీషర్ట్ మీద తెల్ల గీతలు చూశారా? ఆ ఆల్బమ్ పాడిన కుర్రాడు 23 ఏళ్లకే వెళ్లిపోయాడు.. ఇయాన్ కర్టిస్ కథ ఇదీ!

నల్లటి టీషర్ట్. దాని మీద కొండల వరసలా లేచి పడే తెల్లటి గీతలు. కాలేజీ ఫెస్ట్‌లోనో, షాపింగ్ యాప్‌లోనో ఎక్కడో ఓ చోట మీరు చూసే ఉంటారు. వేసుకున్నవాళ్లలో చాలామందికి అదేంటో తెలియదు. డిజైన్ బాగుందని కొంటారు, అంతే.

అసలు విషయం ఏంటంటే.. అది 1967లో కనిపెట్టిన మొట్టమొదటి పల్సర్ నక్షత్రం నుంచి వచ్చిన రేడియో సిగ్నల్ గ్రాఫ్. ఖగోళ శాస్త్రం పుస్తకంలో ఉన్న ఆ బొమ్మను 1979లో ఇంగ్లాండ్‌కు చెందిన జాయ్ డివిజన్ అనే బ్యాండ్ తన మొదటి ఆల్బమ్ అట్ట మీద వేసుకుంది. డిజైనర్ పీటర్ సావిల్. ఆల్బమ్ పేరు అన్‌నోన్ ప్లెజర్స్. పాడింది ఇయాన్ కర్టిస్. ఆల్బమ్ వచ్చాక అతను ఏడాది కూడా బతకలేదు. ఇవాళ ఆల్టర్నేటివ్ రాక్ అని మనం పిలిచే సంగీతానికి పునాది వేసినవాళ్లలో ఒకడిగా అతని పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

ఎంప్లాయ్‌మెంట్ ఆఫీస్‌లో గుమస్తా

ఇయాన్ 1956 జూలై 15న మాంచెస్టర్ పక్కనే ఉన్న స్ట్రెట్‌ఫర్డ్‌లో పుట్టాడు. పెరిగింది మాత్రం మాక్లెస్‌ఫీల్డ్‌లో. పట్టు అనగానే మనకు ధర్మవరం గుర్తొచ్చినట్టు, ఇంగ్లాండ్ వాళ్లకు ఒకప్పుడు మాక్లెస్‌ఫీల్డ్ గుర్తొచ్చేది. తండ్రి ట్రాన్స్‌పోర్ట్ పోలీసు శాఖలో ఉద్యోగి. పదకొండేళ్లకే స్కాలర్‌షిప్ తెచ్చుకుని పేరున్న కింగ్స్ స్కూల్లో చేరాడు. చదువు మీద కన్నా కవిత్వం మీద, డేవిడ్ బోవీ పాటల మీద మనసు ఎక్కువ. 19 ఏళ్లకే, 1975 ఆగస్టులో, డెబోరాను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు అప్పటికి 18.

మాంచెస్టర్‌లో కొన్నాళ్లు రికార్డుల షాపులో పనిచేసి, తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో కుదురుకున్నాడు. మాక్లెస్‌ఫీల్డ్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో వికలాంగులకు పని చూపించే విభాగం అతనిది. రోజూ బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ల కష్టాలు వినడం, వాళ్లకు సరిపోయే పని వెతకడం. ఈ ఉద్యోగం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, కథంతా మళ్లీ అక్కడికే వస్తుంది.

ఒక కచేరీ, 35 పౌండ్ల గిటార్

1976 జూన్ 4న సెక్స్ పిస్టల్స్ అనే లండన్ బ్యాండ్ మాంచెస్టర్‌లోని లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో కచేరీ చేసింది. వచ్చిన జనం చాలా తక్కువ. కానీ వాళ్లలో ఇద్దరు సాల్ఫర్డ్ కుర్రాళ్లున్నారు.. స్కూల్ నుంచి స్నేహితులైన బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్. స్టేజి మీదివాళ్లకు వాయించడం పెద్దగా రాదని, అయినా ఎవరూ ఆపడం లేదని ఇద్దరికీ అర్థమైంది. ఇంకేముంది.. మర్నాడే హుక్ తల్లి దగ్గర అప్పు తీసుకుని 35 పౌండ్లకు బేస్ గిటార్ కొనేశాడు. ఎలా వాయించాలో అప్పటికి తెలియదు.

ఆరు వారాల తర్వాత జూలై 20న అదే హాల్లో పిస్టల్స్ మళ్లీ వాయించారు. ఈసారి ఇయాన్ వచ్చాడు. అతనిలోనూ అదే కోరిక పుట్టింది. కొన్నాళ్లకు సమ్నర్, హుక్ పాడేవాడు కావాలని మాంచెస్టర్‌లోని వర్జిన్ రికార్డ్స్ షాపులో కాగితం అంటిస్తే, ఇయాన్ ఫోన్ చేశాడు. కచేరీల్లో చూసిన మొహమే, మనిషి మంచివాడు అనుకుని ఆడిషన్ లేకుండానే తీసుకున్నారు. గొంతు ఎలా ఉంటుందో కూడా వినలేదు!

బ్యాండ్‌కు బోవీ ట్యూన్ ఒకదాని పేరును బట్టి వార్సా అని పెట్టుకుని, 1977 మే 29న ఎలక్ట్రిక్ సర్కస్ అనే క్లబ్బులో మొదటిసారి స్టేజి ఎక్కారు. డ్రమ్మర్లు మారుతూ వచ్చి, చివరికి స్టీఫెన్ మోరిస్ దగ్గర ఆగింది. అతనిదీ మాక్లెస్‌ఫీల్డే, చదివిందీ ఇయాన్ స్కూల్లోనే. నలుగురికీ పొద్దున ఉద్యోగాలున్నాయి. సమ్నర్‌ది కార్టూన్ సినిమాలు తీసే కంపెనీ, మోరిస్‌ది నాన్నగారి కిచెన్ సామాన్ల వ్యాపారం. సాయంత్రమైతే రిహార్సల్స్.

లండన్‌లో అలాంటి పేరుతోనే ఇంకో బ్యాండ్ ఉండటంతో 1978 మొదట్లో పేరు మార్చారు. జాయ్ డివిజన్ అనే మాట నాజీ క్యాంపుల్లో ఆడవాళ్లను చెరబట్టిన కథ చెప్పే నవల నుంచి తీసుకున్నది. పైగా మొదటి రికార్డు అట్ట మీద డోలు వాయిస్తున్న హిట్లర్ యూత్ కుర్రాడి బొమ్మ. నాజీ అభిమానులా అని జనం నిలదీశారు. కాదని వీళ్లు చెప్పుకున్నారు కానీ, ఆ పేరు ఎంచుకోవడం బాధ్యత లేని పనే. ఇరవై ఏళ్ల వయసులో జనాన్ని ఉలిక్కిపడేలా చేయాలన్న సరదా తప్ప దాని వెనక పెద్ద ఆలోచన ఉన్నట్టు కనిపించదు.

టీవీ యాంకర్‌ను తిట్టి మరీ ఛాన్స్ కొట్టాడు

ఇది మా ఫీల్డ్ ముచ్చట కాబట్టి కాస్త ఆగి చెప్పుకోవాలి. టోనీ విల్సన్ అప్పట్లో గ్రెనడా టీవీలో వార్తలు చదివేవాడు. కొత్త బ్యాండ్లను స్క్రీన్ మీద చూపించే మనిషి కూడా అతనే. 1978 ఏప్రిల్ 14న రాఫ్టర్స్ క్లబ్బులో బ్యాండ్ల పోటీ జరిగింది. అక్కడ విల్సన్ కనబడగానే ఇయాన్ నేరుగా వెళ్లి, మమ్మల్ని టీవీలో ఎందుకు చూపించవని బండబూతులు తిట్టాడు. మామూలుగా చాలా నెమ్మదైన, మర్యాదస్తుడైన కుర్రాడతను. విల్సన్‌కు కోపం రావాలి కదా.. రాలేదు. ఆ రాత్రి స్టేజి మీద వీళ్లను చూశాక మిగతా బ్యాండ్లన్నీ స్టార్లు అయిపోదామని వచ్చాయని, వీళ్లు మాత్రం వేరే దారి లేక వచ్చారని అనిపించిందట. అక్కడే డీజేగా ఉన్న రాబ్ గ్రెటన్ కూడా అదే రాత్రి ఫిదా అయ్యి, తర్వాత వాళ్ల మేనేజర్ అయ్యాడు.

కట్ చేస్తే, సెప్టెంబర్ 20న గ్రెనడా రిపోర్ట్స్ ప్రోగ్రామ్‌లో జాయ్ డివిజన్ తొలిసారి టీవీలో కనిపించింది. విల్సన్ మొదలుపెట్టిన ఫ్యాక్టరీ రికార్డ్స్‌లోనే ఆల్బమ్ కూడా. లాభం వస్తే కంపెనీకి సగం, బ్యాండ్‌కు సగం. ఆ రోజుల్లో ఏ పెద్ద కంపెనీ కూడా కొత్త బ్యాండ్‌కు ఇవ్వని వాటా ఇది.

1979 ఏప్రిల్‌లో స్టాక్‌పోర్ట్‌లోని స్ట్రాబెర్రీ స్టూడియోలో రికార్డింగ్. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ ఓ వింత మనిషి. డ్రమ్ సెట్‌లో ఒక్కో డ్రమ్‌ను విడివిడిగా వాయించి రికార్డు చేయించాడు. ఒక పాటకు ఇయాన్ గొంతును టెలిఫోన్ లైన్ మీదుగా పట్టాడు. స్టేజి మీద హోరుగా ఉండే బ్యాండ్ రికార్డులో ఖాళీ గోడౌన్‌లో వాయిస్తున్నట్టు చల్లగా, దూరంగా వినిపించింది. సమ్నర్‌కు, హుక్‌కు అది అస్సలు నచ్చలేదు. కానీ ఈ ఆల్బమ్‌ను ఇన్నేళ్లు నిలబెట్టింది వాళ్లకు నచ్చని ఆ సౌండే!

బల్లకు అటువైపు కూర్చున్న అమ్మాయి

ఇప్పుడు ఆ ఉద్యోగం దగ్గరికి వద్దాం. ఇయాన్ ఆఫీసుకు పని కోసం ఓ అమ్మాయి వచ్చేది. ఆమెకు మూర్ఛ రోగం. కొన్నాళ్లకు రావడం మానేసింది. ఉద్యోగం దొరికిందేమో అనుకున్నాడు ఇయాన్. ఫిట్స్ వచ్చి చనిపోయిందని తర్వాత తెలిసింది. ఆ బాధలోంచి పుట్టిందే షీస్ లాస్ట్ కంట్రోల్ అనే పాట.

1978 డిసెంబర్ 27న లండన్‌లో కచేరీ చేసుకుని కారులో తిరిగి వస్తుంటే ఇయాన్‌కే పెద్ద ఫిట్స్ వచ్చింది. స్నేహితులు ల్యూటన్‌లోని ఆస్పత్రికి తీసుకెళ్లారు. జనవరిలో డాక్టర్లు మూర్ఛ అని తేల్చేశారు. ఏ జబ్బు గురించి పాట రాశాడో అదే జబ్బు. సరిగ్గా అదే నెలలో ఎన్‌ఎంఈ అనే పెద్ద మ్యూజిక్ పత్రిక అతని ఫొటోను కవర్ పేజీ మీద వేసింది.

మూర్ఛ ఉన్నవాళ్లు టైముకు నిద్రపోవాలి, మందు ముట్టకూడదు, అలసిపోకూడదు. బ్యాండ్ బతుకేమో దీనికి పూర్తిగా రివర్స్. ఆ రోజుల్లో ఇచ్చే మాత్రలు మనిషిని కుంగదీసేవి, మూడ్ ఒక్కసారిగా మారిపోయేది. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టేవాళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు, అదేమీ పనిచేయదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా. ఇంగ్లాండ్‌లో డాక్టర్లు, మందులు ఉన్నా సరే, 22 ఏళ్ల కుర్రాడిని ఆ తిరుగుడు మానిపించి ఇంట్లో కూర్చోబెట్టినవాళ్లు లేరు.

ఇంకో విచిత్రం ఉంది. ఇయాన్ స్టేజి మీద చేతులు విసురుతూ, ఒళ్లంతా కుదుపుతూ ఆడేవాడు. జబ్బు బయటపడక ముందు నుంచీ అతని డ్యాన్స్ అంతే. దాంతో నిజంగా ఫిట్స్ వచ్చినప్పుడు కూడా అదీ డ్యాన్సే అనుకుని జనం కేకలు వేసేవాళ్లు. పక్కన వాయించేవాళ్లు ఆట ఎక్కడ ఆగిందో కనిపెట్టి అతన్ని లోపలికి మోసుకెళ్లాల్సి వచ్చేది.

1979 ఏప్రిల్ 16న కూతురు నటాలీ పుట్టింది. పాపను ఎత్తుకుంటే చేతుల్లో ఉండగా ఫిట్స్ వస్తుందేమోనని భయం. ఆ ఏడాది చివర్లో బజ్‌కాక్స్ బ్యాండ్‌తో కలిసి దేశమంతా టూర్ కోసం ఉద్యోగం వదిలేశాడు. యూరప్ వెళ్లారు. ఓ బెల్జియం అమ్మాయితో ప్రేమ. ఇంట్లో గొడవలు, రెండు వైపులా అపరాధభావం. ఇవన్నీ పాటల్లోకి వచ్చేశాయి. 1980 మార్చిలో లండన్‌లో రికార్డు చేసిన రెండో ఆల్బమ్ క్లోజర్ నిండా అవే. కానీ అతను ఏం పాడుతున్నాడో మిగతా ముగ్గురూ పెద్దగా పట్టించుకోలేదు. ట్యూన్ కుదిరిందా లేదా అన్నదే చూసుకున్నామని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. ఎలా ఉన్నావని అడిగితే ఇయాన్ బాగానే ఉన్నాననేవాడు. వాళ్లు నమ్మేవాళ్లు. వాళ్లూ ఆ వయసువాళ్లే కదా.

ఏప్రిల్ 4న ఒకే రాత్రి లండన్‌లో రెండు చోట్ల కచేరీ. ఆరిపోతూ వెలుగుతూ ఉండే లైట్లకు ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఏప్రిల్ 7న ప్రాణం తీసుకోబోయి ఆస్పత్రి పాలయ్యాడు. మర్నాడు బరీ అనే ఊళ్లో కచేరీ ఉంది. దాన్ని కూడా రద్దు చేయలేదు! ఇయాన్ రెండు పాటలు మాత్రమే పాడగలిగాడు, మిగతావి వేరేవాళ్లు పాడారు. జనం సీసాలు విసిరి హాల్‌ను రణరంగం చేశారు. ఆ ఒక్క నిర్ణయాన్ని మాత్రం వయసు పేరు చెప్పి సరిపెట్టుకోవడం కష్టం.

మే 2న బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో పాడిందే చివరి కచేరీ. మే 19న అమెరికా టూర్‌కు ఫ్లైట్ ఎక్కాలి. మే 18 తెల్లవారుజామున మాక్లెస్‌ఫీల్డ్‌లోని తన ఇంట్లో ఇయాన్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 23.

(మనసు బాగోలేకపోతే, అలాంటి ఆలోచనలు వస్తే టెలి మానస్ 14416 నంబర్‌కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.)

తర్వాత ఏమైంది?

జూన్‌లో విడుదలైన లవ్ విల్ టేర్ అస్ అపార్ట్ పాట బ్రిటన్ చార్టుల్లో 13వ స్థానానికి వెళ్లింది. జూలైలో వచ్చిన క్లోజర్ 6వ స్థానంలో నిలిచింది. బతికుండగా అతను ఇలాంటి హిట్ చూడలేదు. భార్య డెబోరా 1995లో అతని జీవితాన్ని పుస్తకంగా రాస్తే, దాని ఆధారంగా 2007లో కంట్రోల్ అనే బ్లాక్ అండ్ వైట్ సినిమా వచ్చింది. తీసింది ఆంటన్ కార్బైన్.. ఒకప్పుడు ఈ బ్యాండ్‌కు ఫొటోలు తీసినవాడే.

మిగిలిన ముగ్గురూ జాయ్ డివిజన్ పేరు పక్కనపెట్టి న్యూ ఆర్డర్‌గా మారారు. మొదటి సింగిల్ సెరిమనీ, 1981లో వచ్చింది. అది ఇయాన్ రాసిన ఆఖరి పాటల్లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో పాడింది కూడా. దాన్ని ఇప్పుడు సమ్నర్ పాడాలి. కానీ సాహిత్యం రాసిన కాగితం ఎక్కడా దొరకలేదు. ఉన్నది రిహార్సల్ టేపు ఒక్కటే, అందులో గిటార్ల హోరు కింద ఇయాన్ గొంతు సరిగ్గా వినపడదు. చివరికి ఈక్వలైజర్ పెట్టి మిగతా శబ్దాలు తగ్గించుకుంటూ, టేపు వెనక్కి తిప్పి తిప్పి, అతను ఏమంటున్నాడో ఒక్కో మాటా పట్టుకుని రాసుకున్నారు.