ఎడ్వర్డ్ లారీ

ఎడ్వర్డ్ లారీ (1846 - 1915) బ్రిటిషు ఇండియా వైద్య సర్వీసుకు చెందిన శస్త్రవైద్యుడు. 1885 నుండి 1901 వరకు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా పనిచేసాడు. హైదరాబాదు వైద్య పాఠశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాడు. క్లోరోఫాం అనే మత్తుమందును రోగి ప్రాణానికి ముప్పు రాకుండా పీల్పించడం ఎలా అన్న ప్రశ్నపై 1888, 1889 సంవత్సరాలలో జరిగిన రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లకు ఈయనే మూలపురుషుడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం భరించిన ఖర్చుతో జరిగిన ఈ పరిశోధనల వలన హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికలలో మారుమోగింది. మందు ఇచ్చే పద్ధతి గురించి లారీ చెప్పినదానిలో ముఖ్యభాగం నేటికీ చెల్లుతుంది. ఆ మందు గుండెపై ఏమి చేస్తుందన్న విషయంలో మాత్రం ఆయన అభిప్రాయం తప్పని తరువాత ఋజువైంది.

తొలి జీవితం

లారీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించాడు. అక్కడ ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యరికం చేసాడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి నాడిపై వేలు పెట్టుకొని కూర్చోవడం వృథా అనీ, కనిపెట్టవలసినది ఊపిరినేననీ సైమ్ బోధించేవాడు. గురువు చెప్పిన ఈ ఒక్క మాటను లారీ జన్మంతా విడిచిపెట్టలేదు. 1872లో ఇండియా వైద్య సర్వీసులో చేరి, కలకత్తా, లాహోరులలో పనిచేసిన పిదప హైదరాబాదుకు వచ్చాడు.

క్లోరోఫాం వివాదం

1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరి 28న ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాలలో మరణించింది. చిన్న చికిత్సకు వచ్చిన ఆరోగ్యవంతులు ఇలా హఠాత్తుగా చనిపోవడం ఆ తరువాత కూడా జరుగుతూనే వచ్చింది. వీరిని చంపినది మందా, లేక మందు ఇచ్చిన చెయ్యా అన్నదే అరవై ఏళ్ళకు పైగా సాగిన ఈ వివాదపు సారాంశం.

ఇక్కడ ఒక విషయం పాఠకులు గమనించాలి. మింగిన మాత్ర కడుపులో కరిగి నెమ్మదిగా రక్తంలో చేరుతుంది. చర్మం కింద పొడిచిన సూదిమందు కొంత వ్యవధి తీసుకుంటుంది. పీల్చిన ఆవిరి మాత్రం ఊపిరితిత్తుల నుండి క్షణాలలో గుండెకూ మెదడుకూ చేరుకుంటుంది. ఎంత పీల్చాడన్నది రోగి ఊపిరి లోతుపై ఆధారపడుతుంది కనుక, సీసాలో కొలిచిన మోతాదు ఒకటైతే శరీరంలోకి పోయిన మోతాదు మరొకటి కావచ్చు. లండనులో జాన్ స్నో ఆవిరి పాలును యంత్రంతో అదుపు చెయ్యాలన్నాడు. ఎడిన్‌బరో వారు మడిచిన గుడ్డ చాలునన్నారు. లండను వైద్యులు నాడిని చూడమంటే, ఎడిన్‌బరో వైద్యులు ఊపిరిని చూడమన్నారు.

హైదరాబాదులో

1846లో స్థాపితమైన హైదరాబాదు వైద్య పాఠశాలలో అప్పటివరకు ఉర్దూలో బోధన సాగేది. లారీ హయాంలో బోధన ఆంగ్లానికి మారింది. స్త్రీలను కూడా విద్యార్థులుగా చేర్చుకున్నారు. శస్త్రచికిత్సలన్నీ క్లోరోఫాంతోనే జరిగేవి. మందు ఇవ్వడం విద్యార్థులకు కేవలం చూసి నేర్చుకునే పని కాదు, స్వయంగా చెయ్యవలసిన పని.

లారీ వాదనను పరీక్షించడానికి 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. కుక్కలపై ప్రయోగాలు జరిపి, ప్రతిసారీ ముందు ఊపిరి ఆగుతోందనీ, గుండె ఆ తరువాతనే ఆగుతోందనీ ఈ కమిషన్ తేల్చింది. 1889 ఆరంభంలో కన్నాట్ డ్యూకు దంపతులు హైదరాబాదుకు వచ్చినపుడు వైద్య పాఠశాల బహుమతి ప్రదానసభలో లారీ ఈ ఫలితాలను గర్వంగా ప్రకటించాడు. లండను నుండి వెలువడే లాన్సెట్ పత్రిక వాటిని నమ్మలేదు. లారీ స్థానంలో మరొకరుంటే వాదప్రతివాదాలతో సరిపెట్టేవారేమో. ఆయన నిజాం ప్రభుత్వాన్ని ఒప్పించి, లాన్సెట్ పత్రికే తనకు నచ్చిన శాస్త్రవేత్తను పంపవచ్చని వెయ్యి పౌండ్లు ఇప్పించాడు. తన తప్పు పట్టినవారినే పరీక్షకులుగా పిలిపించడం అరుదైన సంగతి.

లాన్సెట్ పంపిన థామస్ లాడర్ బ్రంటన్ మందుల శాస్త్రంలో నాటి ఉద్దండుడు. క్లోరోఫాం వలన గుండె ఆగి మరణం సంభవించవచ్చునని నమ్మినవాడు. 1889 అక్టోబరులో ఆయన హైదరాబాదు చేరుకున్నాడు. భారత ప్రభుత్వం తరపున గెరాల్డ్ బామ్‌ఫర్డ్, నిజాం వైద్యశాఖ నుండి రుస్తుంజీ ఈ రెండవ కమిషన్‌లో పనిచేసారు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు మొదలైన వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి (నేటి నియమాల ప్రకారం ఇటువంటి ప్రయోగాలకు అనుమతి దొరకడం కష్టం). తిరిగే పీపాకు చుట్టిన మసి కాగితంపై జంతువు రక్తపోటును, ఊపిరిని గీతలుగా నమోదు చేసారు. ముసుగు తీసివేసిన తరువాత కూడా కొంతసేపు రక్తపోటు పడిపోతూనే ఉండడం ఈ గీతలలో కనబడింది. అనగా అప్పటికే ఊపిరితిత్తులలో చేరిన మందు రక్తంలోకి పోతూనే ఉంటుంది. డిసెంబరు నాటికి బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకున్నాడు. ప్రమాదమంతా ఊపిరి ఆడకపోవడం వలన, మోతాదు మించడం వలన వస్తున్నదేగాని గుండె నేరుగా దెబ్బతినడం వలన కాదని లండనుకు తెలియజేసాడు.

మందు ఇవ్వవలసిన పద్ధతి

కమిషన్ నివేదికలో నేటి విద్యార్థికి అన్నిటికంటె ఉపయోగపడే భాగం దాని చివర ఇచ్చిన ఆచరణ సూత్రాలు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ, ఛాతీ, పొట్టలపై బిగుతు బట్టలు లేకుండా చెయ్యాలి. మందును దూదిపెట్టిన శంకువు వంటి టోపీలో పోసి, మొదట ముఖానికి కొంచెం ఎడంగా పట్టుకొని, గాలి ధారాళంగా తగలనివ్వాలి. ఘాటుకు రోగి ఊపిరి బిగబట్టినా, పెనుగులాడినా ఆ క్షణమే అత్యంత ప్రమాదకరం. ఎందుకంటే బిగబట్టిన ఊపిరి వదలగానే రోగి దీర్ఘంగా పీలుస్తాడు, ఒక్క గుక్కలోనే మోతాదు మించిపోతుంది. అప్పుడు టోపీని దూరం చెయ్యాలి. కంటిని తాకినా రెప్ప కదలని స్థితి వచ్చినపుడు మత్తు పూర్తి అయినట్లు. అంతవరకు కత్తి పెట్టరాదు, అది దాటి మందు పోయరాదు.

మందు ఇచ్చేవాని దృష్టి ఆద్యంతం శ్వాసపైనే ఉండాలి. శస్త్రచికిత్స ఎంత ఆసక్తికరంగా ఉన్నా అటు చూడరాదు. ఊపిరి కష్టమైతే కింది దవడను ముందుకు లాగి పట్టుకోవాలి. ఆగిపోతే సహాయకుడు నాలుకను పటకారుతో బయటకు లాగుతుండగా వెంటనే కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి. దీర్ఘమైన శస్త్రచికిత్సలకు ముందు చర్మం కింద మార్ఫిన్ సూది ఇవ్వవచ్చునని కూడా సూచించారు. స్పృహలేని రోగి దవడను ముందుకు ఎత్తి పట్టడం నేటికీ నర్సింగు విద్యార్థులకు నేర్పే తొలి పాఠాలలో ఒకటి.

రూపాబాయి ఫర్దూన్‌జీ

లారీ శిష్యులలో తప్పక చెప్పుకోవలసిన పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. ఈ పార్శీ యువతి హైదరాబాదు వైద్య పాఠశాలలో 1889లో పట్టా పొంది, శస్త్రచికిత్సలలో క్లోరోఫాం ఇవ్వడంలో నిపుణురాలైంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలు ఈమేనని పలువురు చెబుతారు. లారీ పద్ధతి కేవలం కాగితంపై సూత్రంగా కాక చేతి విద్యగా నిలవడానికి ఇటువంటి శిష్యులే కారణం.

విమర్శ

హైదరాబాదు నిర్ణయాన్ని అందరూ అంగీకరించలేదు. స్కాట్లాండులో మెక్‌విలియం, 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శాస్త్రవేత్తలు క్లోరోఫాం గుండెను నేరుగా బలహీనపరుస్తుందని ప్రయోగాలతో చూపించారు. లారీ లొంగలేదు. వేలాది మందికి క్లోరోఫాం ఇచ్చినా తన చేతిలో ఎవరూ చనిపోలేదని వాదిస్తూ వచ్చాడు. ఈ మొండితనం ఆయనకు కొత్త కాదు. లావరాన్ కనుగొన్న మలేరియా పరాన్నజీవిని కూడా ఆయన నమ్మలేదు. అదే నగరపు జంట సికిందరాబాదులో 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జీవి దశను చూడడం ఒక విచిత్రం.

లారీ వాదనకు ఒక చెడు ఫలితం కూడా ఉంది. ప్రమాదం ఎప్పుడూ పద్ధతిలోనిదే అయితే, చనిపోయిన ప్రతి రోగి విషయంలోనూ మందు ఇచ్చినవాడే దోషి అవుతాడు. జాగ్రత్తగా ఇచ్చిన వైద్యులు కూడా ఈ నింద మోయవలసి వచ్చింది.

1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చిక్కుముడి విప్పాడు. మత్తు తేలికగా ఉన్నపుడు, భయం వలనో బాధ వలనో శరీరంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె జఠరికలు లయ తప్పి వణకనారంభిస్తాయి. ఊపిరి ఇంకా ఆడుతుండగానే గుండె రక్తాన్ని పంపడం ఆపివేస్తుంది. హన్నా గ్రీనర్ వంటి వారి మరణాలకు కారణం ఇదే అయి ఉండవచ్చు. మందును ఆపి ఆపి ఇవ్వడం కంటె పూర్తి మత్తు వరకు నిలకడగా ఇవ్వడమే మేలని లెవీ ఫలితాలు సూచించాయి. లారీ చేసినది సరిగ్గా అదే! తాను కాదన్న ప్రమాదం నుండి ఆయన తన రోగులను తనకు తెలియకుండానే కొంతవరకు కాపాడి ఉంటాడు. క్లోరోఫాం ఇచ్చిన కొద్ది రోజులకు కాలేయం దెబ్బతిని రోగులు మరణించడం అన్న మరో దోషం కూడా అప్పటికే బయటపడింది. 20వ శతాబ్దపు మధ్యకాలానికి క్లోరోఫాం వాడుక నుండి తొలగిపోయింది. నేటి మత్తువైద్యులు ఊపిరిని, నాడిని, రక్తపోటును, రక్తంలోని ఆక్సిజనును ఏకకాలంలో గమనిస్తారు.

చివరి దశ

1901లో లారీ పదవీ విరమణ చేసాడు. విద్యార్థుల కోసం క్లోరోఫాంపై రాసిన పుస్తకం అదే సంవత్సరం వెలువడింది. 1915లో మరణించాడు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో ధ్వంసమైంది. ఆ స్థలంలోనే తరువాత ఉస్మానియా ఆసుపత్రి వెలిసింది. వైద్య పాఠశాల తరువాత ఉస్మానియా వైద్య కళాశాలగా మారింది.